వాక్యం బాగున్న పుస్తకం

బాలింత పుస్తకం పడితే కళ్ళు పోతాయని మా అమ్మ నమ్మకం. ఈ నమ్మకం పెట్టుకున్న మనిషి పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైర్ అయింది. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ, చెవుల్లో దూది పెట్టుకుని వచ్చిన బాలింతలను "ఏ కాలంల ఉన్నరమ్మా మీరు" అని మందలించి ఆ దూది తీయించేది. నాకు బిడ్డ పుట్టగానే అదే దూదిని నా రెండు చెవుల్లో కూరి, తలకు తువ్వాల చుట్టి, మంచం పక్కనున్న నా పుస్తకాలన్నీ బీరువాలో తన చీరల కింద పెట్టి తాళం వేసింది. ఇదేందమ్మా అంటే, "అది డ్యూటీ బిడ్డా, ఇది ఇల్లు" అంది.

కాజీపేటలో అమ్మ ఇల్లు. మా ఆయన మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తాడు. సాయంత్రం వచ్చి, బిడ్డను కాసేపు ఎత్తుకుని, అమ్మ పెట్టింది తిని పోతాడు. బీరువా తాళం సంగతి చూడమంటే, "మీ అమ్మతోని నాకెందుకు, నాకు ఇంకో బిడ్డను గనే ఆలోచన కూడా ఉన్నది, అప్పుడు కూడా ఆమెనే చూడాలె" అన్నాడు. ఇక రోజూ పొద్దున బిడ్డకు నీళ్ళు పోయడానికి వచ్చే మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, అమ్మకన్నా ఒకాకు ఎక్కువే చదివింది. ఆమె దృష్టిలో బాలింత గోడ మీది క్యాలెండర్ కూడా చూడకూడదు.

నా బాధ వాళ్ళకు అర్థమయ్యేది కాదు. హనుమకొండలో మాది ఒక చదువరుల గుంపు. నెలకోసారి లైబ్రరీ హాల్లో కూర్చుని కొత్త పుస్తకం మీద కొట్లాడుకుంటాం. అక్కడ నాకొక పేరుంది. చివరి పేజీ దాకా చదవనిదే నేను నోరు తెరవను. అట్ట చూసి, వెనక అట్ట మీది నాలుగు మాటలు చూసి మాట్లాడేవాళ్ళను అందరి ముందూ కడిగేస్తాను. అందుకని అక్కడ నన్ను చూస్తే కొందరికి గిట్టదు. నేను కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు వాళ్ళే ముందు నవ్వారు. "ఇగ మేడం పుస్తకాలు బందే" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. నిజంగానే భయమేసింది. బిడ్డతో పాటు నాలోని చదివే మనిషిని కూడా ఆపరేషన్ బల్ల మీద బయటికి తీసేశారేమోనని అనిపించేది. మళ్ళీ ఒక్కసారి ఆ హాల్లో, చివరి పేజీ దాకా చదివిన పుస్తకం గురించి గట్టిగా మాట్లాడితే తప్ప నాకు మనశ్శాంతి లేదు.

నెలలు నిండిన రోజుల్లో కూడా నేను ఊరికే లేను. అప్పుడు చదివిన వాటిలో ఒకటి మాతృత్వం మీద ఒక తండ్రి రాసిన వ్యాసాల పుస్తకం. ప్రసవ వేదన ఎంత పవిత్రమో ఆయన ఒక అధ్యాయమంతా రాశాడు. ఆ సమయంలో తాను బయట వరండాలో ఎంత తల్లడిల్లాడో ఇంకో అధ్యాయమంతా రాశాడు. రెండోది పెద్దది. ఇంకోటి కథల సంపుటి. అందులో ఏ కథ తీసినా తల్లి దగ్గర మల్లెపూల వాసన వస్తుంది. కాన్పయ్యాక నా దగ్గర వచ్చిన వాసన వాముది, ఎల్లిగడ్డ కారానిది, భుజం మీద బిడ్డ కక్కిన పాలది. ఆ రచయిత ఎప్పుడైనా ఒక బాలింత గదిలో అడుగుపెట్టాడా అని నాకు అనుమానం. ఈ అభిప్రాయాలన్నీ కడుపులో పెట్టుకుని, దూది చెవులతో, గోడ చూస్తూ పడుకున్నాను.

అప్పుడు ఫోన్ వచ్చింది. మా గుంపును నడిపించే సారు. నా చేతుల్లో బిడ్డ ఉంది కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. చెవుల్లో దూది కాబట్టి శబ్దం పెంచాను. అమ్మ సొంఠి కషాయంతో గుమ్మంలో నిలబడి ఉంది.

"మేడం, కొత్త నవల ఒకటి పంపుతాన. రచయితది వర్ధన్నపేట దిక్కు. దీని మీద మీరే మాట్లాడాలె. ఇంట్లకెల్లి ఫోన్ల మాట్లాడినా సరే, మైకుకు పెడ్త. కథ సంగతి పక్కకు పెట్టున్రి, అందుల వాక్యం సూడున్రి. ఒక్కొక్క వాక్యం గుండెల పడ్తది. ఆయన ఎన్నో ఏండ్ల సంది వాక్యం మీదనే కూసున్నడు" అన్నాడు సారు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. కషాయం గ్లాసు కిటికీలో పెట్టి రెండు చేతులూ జోడించింది.

మా ఇంట్లో వాక్యం అంటే ఒక్కటే, దేవుని వాక్యం. ఆదివారం చర్చి నుంచి వస్తూ "ఇయ్యాల వాక్యం మంచిగుండె" అనుకుంటాం. పాస్టర్ గారు ప్రసంగం మొదలుపెట్టే ముందు మైకు దగ్గర నిలబడి వాక్యం చదివేది మా అమ్మే. ఆ పని ఇంకెవరికీ ఇవ్వదు. సాహిత్యంలో వాళ్ళు వాక్యం బాగుంది అంటే రాసే తీరు బాగుందని అర్థం. ఈ సంగతి నేను అమ్మకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చెబితే పుస్తకం బీరువాలోకి పోతుంది.

"ముందుగాల్నే చెప్పద్దా బిడ్డా? నేను ఏవో కతల పుస్తకాలనుకున్న. నువ్వు మాత్రం సదవకు, కండ్లు గుంజుతయ్. నేను సదువుతా, నువ్వు ఇను. వాక్యం ఇంటే బాలింతకు మంచిది" అంది.

పార్సిల్‌లో నవలతో పాటు ఒక కవితల పుస్తకం కూడా వచ్చింది. అమ్మ ముందు దాన్ని తెరిచింది. పేజీలో మూడు వంతులు ఖాళీ ఉండడం చూసి, అచ్చువాళ్ళు ఏమరుపాటున వదిలేశారేమోనని వెనక్కీ ముందుకూ తిప్పింది. తర్వాత చర్చి గొంతుతో, ఒక్కో పాదం దగ్గర గంభీరంగా ఆగుతూ చదివింది. కవిత ఎక్కడ అయిపోయిందో తెలియక నేను చూస్తుంటే పెద్దమ్మ "ఆమెన్" అంది. అప్పుడు అయిపోయిందని తెలిసింది. ఆధునిక కవిత్వానికి ఇన్నాళ్ళుగా ఏం తక్కువైందో నాకు ఆరోజే అర్థమైంది. పెద్దమ్మలాంటి మనిషి ఒకరు చివర్లో నిలబడితే సగం గందరగోళం పోతుంది.

ఇక నవల. మొదటి అధ్యాయంలోనే కథానాయకుడు తాగొచ్చి అన్నం గిన్నె తంతాడు. పెళ్ళాన్ని ఒక మాట అంటాడు. ఆ మాట దగ్గర అమ్మ ఆగి, కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఒక మాట అన్నాడు" అని చదివి ముందుకు పోయింది.

"గిదేం వాక్యమే?" అంది పెద్దమ్మ.

"అక్కా, ఇది సాక్ష్యం. సాక్ష్యం గిట్లనే మొదలైతది. ముందుగాల తాగుతడు, కొడ్తడు, అందరి నోట్ల పడ్తడు. తర్వాత మారుతడు, సూడు" అని అమ్మ నచ్చజెప్పింది.

మా చర్చిలో మారిన మనుషులు లేచి సాక్ష్యం చెప్పడం మామూలే. ఎంత ఎక్కువ తాగినవాడైతే అంత మంచి సాక్ష్యం. అందుకని అమ్మా పెద్దమ్మా ఓపికగా కూర్చున్నారు. రోజూ బిడ్డకు నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, పడుకోబెట్టాక, ఆ పొగలోనే అమ్మ నవల తీసేది. కథానాయకుడు రెండో అధ్యాయంలోనూ తాగాడు. మూడులో ఇంకా ఎక్కువ తాగాడు. నాలుగో అధ్యాయం అయిపోయేసరికి అమ్మ ముఖంలో, మందు రాసిచ్చినా మింగని పేషెంటును చూసే చూపు వచ్చింది.

ఐదో అధ్యాయంలో అతను మజ్జిగ తాగాడు.

"సాయంత్రం కాగానే అతను కల్లు దుకాణానికి వెళ్ళి, వరసగా మజ్జిగ తాగి, తూలుతూ ఇంటికి వచ్చి, అరుగు మీద పడిపోయాడు" అని చదివింది అమ్మ. నాకు ఒళ్ళు జలదరించింది. కల్లు దుకాణంలో మజ్జిగ! మజ్జిగ తాగి తూలడం! ఇన్నేళ్ళలో ఏ తెలుగు రచయితా ఇంత తెగువ చేయలేదు. ఆరో అధ్యాయంలో అతను పక్కవాడలో ఒకామె ఇంటికి చాటుగా ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాడు. అతను రాగానే ఆమె తలుపు గడియ పెట్టేది. ఆ ప్రార్థన సంగతి తెలిసి పెళ్ళాం ఊరంతా వినేలా ఏడ్చింది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. చెడును మంచి మాటలతో చెప్పి చదివేవాళ్ళ వెన్నులో చలి పుట్టించడం కొత్త పద్ధతి అనుకున్నాను. మధ్య మధ్య అమ్మ చాలాసేపు ఆగిపోయేది. రచయిత మౌనాన్ని ఎంత బాగా వాడాడో అని మురిసిపోయాను. అనుమానం రాలేదా అంటే, సరిగా నిద్ర లేని మనిషికి, చెవుల్లో దూది ఉన్న మనిషికి, అనుమానం రావడానికి చోటేదీ?

చివరి అధ్యాయంలో వాళ్ళ చంటిబిడ్డకు జ్వరం వస్తుంది. అమ్మ ఆ రోజు అంతకు ముందెన్నడూ ఆగనంతసేపు ఆగింది. తర్వాత గబగబా, గుక్క తిప్పుకోకుండా చదివింది. తండ్రి బిడ్డను దవాఖానకు ఎత్తుకుపోయాడు, తెల్లారి బిడ్డ లేచి పాలు తాగింది. "అయిపోయింది" అని పుస్తకం మూసింది. నాకు ఏడుపు ఆగలేదు. నా బిడ్డ నా రొమ్ము దగ్గరే ఉంది మరి. ఇది గొప్ప నవల అని, ఈ మాట ఆ హాల్లో అందరి ముందూ చెబుతానని తీర్మానించుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం సారు ఫోన్ చేసి, తన ఫోన్‌ను మైకు ముందు పెట్టాడు. రచయిత కూడా వచ్చాడని చెప్పాడు. నేను తువ్వాల సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. పుస్తకం పూర్తిగా చదవకుండా మాట్లాడేవాళ్ళ మీద ముందుగా రెండు చురకలు వేశాను. తర్వాత మజ్జిగకు వచ్చాను. తెలుగు నవలలో మజ్జిగను ఇంత భయంకరంగా వాడినవాళ్ళు లేరన్నాను. మత్తు కల్లులో లేదు, మనిషిలోనే ఉందని చెప్పడానికి ఇంతకన్నా మంచి మార్గం ఏముందన్నాను. పక్కవాడ ప్రార్థనల్లోని చీకటిని విప్పి చూపించాను. చివర్లో బిడ్డ బతకడం ఈ నవలకు ప్రాణమని, ఆ ఒక్క పేజీ కోసం రచయితకు దండం పెట్టాలని అన్నాను. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ "ఆమెన్" అంది. అది కూడా మైకులో హాలంతా వినబడింది.

తర్వాత దూరం నుంచి ఒక గొంతు వచ్చింది. రచయితది.

"మేడం, నా నవలల మజ్జిగ ఎక్కడున్నది?"

నేను జవాబు వెతుక్కునేలోపే రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన మైకు అందుకున్నాడు. "రచయితకు తెల్వకుంటనే మజ్జిగ వచ్చి ఉంటది. రాసినంక పుస్తకం చదివేటోళ్ళది. నేను కూడా చదివేటప్పుడు మజ్జిగనే గమనించిన" అన్నాడు. ఆ వెంటనే ఒక కవిగారు, మజ్జిగ తెలుపు, కల్లు కూడా తెలుపు, ఈ తెలుపు మీద తానొక వ్యాసం రాయాలనుకుంటున్నానని చెప్పాడు. హాల్లో చప్పట్లు వినిపించాయి. ఎవరూ ఆ పుస్తకం తెరిచిన పాపాన పోలేదని నాకు అప్పుడు తెలిసింది. నాలాగే.

"ఆ పిల్ల సచ్చిపోతది గదా మేడం" అన్నాడు రచయిత. ఈసారి గొంతు దగ్గరగా వినిపించింది.

"పైకి సచ్చిపోయినట్టు కనవడుతది. లోపల బతికింది" అని లెక్చరర్ గారు సర్దారు. సారు అందరికీ చాయ్ ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నేను దూది పీకి పారేశాను. "అమ్మా, ఏం జేసినవే?" అని అరిచాను. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. అమ్మ బిడ్డను ఎత్తుకుని భుజాన వేసుకుంది. తప్పు చేసిన ముఖం కాదు ఆమెది.

"వాక్యం మంచిగనే ఉన్నది బిడ్డా. మనిషే మారకపాయె. ఎంతకని సూడాలె? నేనే మార్చిన" అంది.

"సావు మాట ఇంటే పాలు ఎండిపోతయని నేనే చెప్పిన" అని పెద్దమ్మ అడ్డం వచ్చింది.

"పాలు కాదక్కా" అంది అమ్మ. "పిల్లల వార్డుల ఆ మాట తల్లులకు చెప్పేటిది నేనే. డాక్టరు చెప్పి పోయేటోడు, వాళ్ళకు సమజ్ కాకపోయేది. మళ్ళ నన్ను పట్టుకొని అడిగేటోళ్ళు, నిజమా సిస్టర్ అని. ఉద్యోగమంత చెప్పిన. రిటైర్ అయినంక కూడ నా నోటితోని చెప్పాల్నా? అదీ నా బిడ్డకు, సంకల చంటిపిల్ల ఉండంగ?"

అయినా నాకు కోపం మాత్రం పోలేదు. నా పేరు మట్టిలో కలిసిందని, రేపు రచయిత నలుగురికీ చెబితే ఆ హాల్లో నేను తల ఎత్తుకోలేనని ఏడ్చాను. అమ్మ లోపలికి వెళ్ళి నవల తెచ్చి మంచం మీద పెట్టింది. "సదువుకో. కండ్లు పోతే పోనియ్" అంది.

మర్నాడు బిడ్డను ఒళ్ళో వేసుకుని ముందు నుంచి చదివాను. అమ్మ చదివిన దానికన్నా మంచి నవల. తాగుడు తాగుడులా ఉంది, తిట్టు తిట్టులా ఉంది. అనవసరమైన మజ్జిగ ఎక్కడా లేదు. సారు చెప్పింది నిజమే, వాక్యం గుండెల్లో పడుతుంది. అయితే చివరి అధ్యాయంలో బిడ్డ ఒళ్ళు కాలిపోతున్న పేజీ దాకా వచ్చి, ఒళ్ళో ఉన్నదాని నుదురు తాకి చూసుకున్నాను. ఒక వాక్యం చదివి మళ్ళీ తాకి చూశాను. ఆ తర్వాతి పేజీ తిప్పడం నా వల్ల కాలేదు. ఎంతోమందిని నిలబెట్టి కడిగిన నేను, పుస్తకం మూసేశాను.

అదే మధ్యాహ్నం రచయిత ఫోన్ చేశాడు. సారు దగ్గర నంబర్ తీసుకున్నాడట.

"మేడం, నిన్న జర గట్టిగ మాట్లాడిన. ఏమనుకోకున్రి" అన్నాడు.

ఆ మర్యాదను నేను ఇక తట్టుకోలేకపోయాను. మొత్తం చెప్పేశాను. "సార్, నేను నిన్నటికి మీ పుస్తకం చదవలేదు. మా అమ్మ చదివి వినిపించింది. మజ్జిగ ఆమెదే. పిల్లను బతికించింది కూడ ఆమెనే. ఇయ్యాల నేనే చదువుదామని కూసున్న, చివరి పేజీలు చదవలేకపోయిన. మీటింగుల మీరు ఈ సంగతి చెప్పినా నాకు ఫికర్ లేదు."

ఫోన్ కట్ అయిందేమోనని చూశాను. కాలేదు.

"ఆ పేజీలు రాసినంక నేను కూడ మళ్ళ చదవలే మేడం" అన్నాడు. "ఆ తాగినోణ్ణి నేనే. పిల్ల మా పెద్దబిడ్డ."

అభిప్రాయాలు చెప్పడం తప్ప నాకు ఇంకేదీ రాదని ఆ క్షణంలో తెలిసింది.

"అమ్మగారు ఏం జేస్తరు?" అని అడిగాడు.

"పిల్లల వార్డుల నర్సుగ జేసి రిటైర్ అయింది సార్."

"ఒక్కసారి ఆమెకు ఫోనియ్యున్రి."

ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. అమ్మ అంతా విన్నది. తను ఆడిస్తున్న బిడ్డను నాకిచ్చి, వచ్చి మంచం అంచున కూర్చుంది.

"అమ్మా" అన్నాడాయన. "మీరు చదివిన దాంట్ల, ఆయన పిల్లను టైముకు దవాఖానకు తీస్కపోయిండా?"

అమ్మ నా వైపు చూడలేదు. కళ్ళద్దాలు పెట్టుకుంది. నవల అందుకుని చివరి పేజీలు తెరిచింది. ఈసారి చర్చి గొంతు కాదు. ఇంట్లో మనుషులతో మాట్లాడే గొంతు.

"తీస్కపోయిండు కొడుకా. పరుగు మీద తీస్కొచ్చిండు. ఆ దినం డ్యూటీల నేనే ఉన్న. పిల్లకు తడిగుడ్డ ఏసినం, సెలైన్ పెట్టినం. తెల్లారేసరికి జరం దిగింది. లేసి పాలు తాగింది."

ఆగి, ఒక పేజీ తిప్పింది.

"తర్వాత పండ్లొచ్చినయ్. నడక నేర్చింది. బడికి పోనని గేటు పట్టుకొని ఏడ్చింది. ఆయన ఎత్తుకొని దింపి వచ్చిండు..."

పుస్తకంలో పేజీలు అయిపోయాయి. అమ్మ అట్ట కూడా తిప్పి, చదువుతూనే ఉంది. అటువైపు నుంచి, కథ వినే చిన్నపిల్లల్లా, ఆయన ఊఁ కొడుతున్నాడు.